నక్షత్రం గుర్తు వేసిన బంతి: కళంకితులకు గౌరవం, సేకర్తల ఆదరణ

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ చిన్న ఊరు. అమెరికా బేస్‌బాల్ మ్యూజియం అక్కడే ఉంది. దాని సేకరణలో ఒక బంతి ఉంది. ఆ బంతి తోలు మీద నక్షత్రం గుర్తు కోసి ఉంటుంది. పుస్తకం చదువుతుండగా ఒక మాట పక్కన ఈ గుర్తు కనిపిస్తే మీరేం చేస్తారు? పేజీ అడుగుకు చూస్తారు. పైమాట పూర్తి కాదని, కింద ఇంకో సంగతి ఉందని ఆ గుర్తు మీకు చెబుతుంది. బంతి మీద కూడా అది చెప్పేది అదే.

ఆ బంతి కథ ఇది. 2007 ఆగస్టు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో బారీ బాండ్స్ తన 756వ హోమ్ రన్ కొట్టాడు. హాంక్ ఆరన్ పేరిట ఉన్న 755 హోమ్ రన్‌ల రికార్డు అంతటితో దాటిపోయింది. అయితే బాండ్స్ స్టెరాయిడ్లు వాడి ఆడాడనే ఆరోపణ అప్పటికే దేశమంతా మారుమోగుతోంది. ప్రేక్షకుల్లో ఒకరికి దొరికిన ఆ బంతిని మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ వేలంలో 7,52,467 డాలర్లకు కొన్నాడు. కొని దాచుకోలేదు. దీన్ని ఏం చేయమంటారని ప్రజలనే అడిగాడు. ఉన్నది ఉన్నట్టు మ్యూజియానికి ఇవ్వాలా, నక్షత్రం గుర్తు వేసి ఇవ్వాలా, రాకెట్‌లో పెట్టి అంతరిక్షానికి పంపేయాలా? దాదాపు కోటి ఓట్లు పడ్డాయి. గుర్తు వేసి ఇమ్మన్న వారే ఎక్కువ. 2008లో ఆ బంతి గుర్తుతో సహా కూపర్స్‌టౌన్ చేరింది.

ఈ పాఠ్యభాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఆ బంతిలోనే ఉంది. ఆటలో అసాధారణమైన ప్రతిభ చూపి, అదే ఆటకు మచ్చ తెచ్చినవారిని గౌరవించవచ్చా? వారి కార్డులను, సంతకాలను, బ్యాట్లను లక్షల డాలర్లు పోసి కొంటున్నవారు వారిని గౌరవిస్తున్నట్టా, కాదా? ఈ రెండు ప్రశ్నలనూ చాలామంది ఒకటిగా కలిపేస్తారు. కలపకూడదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ఆట గురించి కొంత

మీలో చాలామంది బేస్‌బాల్ చూసి ఉండరు. క్రికెట్ తెలిస్తే చాలు. పిచ్చర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు. కొట్టిన బంతి మైదానం కంచె దాటి ప్రేక్షకుల్లో పడితే అది హోమ్ రన్, మన సిక్సర్ వంటిది. కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్. ఈ ఆటలో అంకెలంటే అపారమైన భక్తి. మనవాళ్లకు బ్రాడ్‌మన్ సగటు 99.94 నోటికి వచ్చినట్టే అక్కడివాళ్లకు హిట్లు, హోమ్ రన్‌లు కంఠతా వస్తాయి.

కూపర్స్‌టౌన్‌లోని సంస్థ పేరు నేషనల్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అండ్ మ్యూజియం. 1939లో దాన్ని ప్రారంభించారు. ఆ పేరును నిదానంగా చదవండి, అందులో రెండు పనులున్నాయి. మ్యూజియం పని జరిగినదాన్ని చూపించడం. హాల్ ఆఫ్ ఫేమ్ పని ఎంపికైనవారి ముఖాన్ని కంచు ఫలకంపై పోతపోసి గోడకు పెట్టడం. పీట్ రోజ్ వస్తువులు మ్యూజియంలో ఉన్నాయి, అతని ఫలకం మాత్రం లేదు. కనుక ‘చరిత్ర నుంచి చెరిపేశారు’ అనే ఫిర్యాదు అంత సరైనది కాదు. చరిత్రలో అతనికి చోటు దొరికింది. దొరకనిది సన్మానం.

1919: ఎనిమిదిమంది

1919 వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ జట్టు సిన్సినాటి రెడ్స్ చేతిలో 5-3 తేడాతో ఓడింది. జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని కావాలని ఓడారనే అనుమానం అప్పుడే పుట్టింది. మరుసటి ఏడు గ్రాండ్ జ్యూరీ ముందు కొందరు ఆటగాళ్లు ఒప్పుకున్నారు కూడా. ఎనిమిదిమందిపై కేసు పెట్టారు. ఆట ఓడిపోవడం నేరమని చెప్పే చట్టం అప్పటికి లేదు, అందువల్ల మోసానికి కుట్ర పన్నారని అభియోగం మోపారు. 1921 ఆగస్టు 2న జ్యూరీ, విచారణ ఎదుర్కొన్న ఆటగాళ్లందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. మరునాడే బేస్‌బాల్ తొలి కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఆ ఎనిమిదిమందినీ ఆట నుంచి శాశ్వతంగా వెలివేశాడు.

కోర్టు వదిలేసిన వారిని ఆట శిక్షించవచ్చా అని మీరు అడగవచ్చు. హైదరాబాదు పాఠకులకు మహమ్మద్ అజహరుద్దీన్ ఉదంతం గుర్తుకు రావడం సహజం. 2000 డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ చివరి మాట న్యాయస్థానానిది, షికాగోలో చివరి మాట కమిషనర్‌ది. లాండిస్ పద్ధతి కఠినమే. కానీ అతని వాదంలో బలం లేకపోలేదు. జైలుకు పంపడానికి కావలసిన రుజువు వేరు, మైదానంలోకి మళ్లీ రానివ్వడానికి కావలసిన నమ్మకం వేరు.

ఆ ఎనిమిదిమందిలో ఇద్దరి సంగతి విడిగా చూడాలి.

మొదటివాడు జో జాక్సన్. దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో చిన్నతనం నుంచే బట్టల మిల్లులో పని చేశాడు. కొత్త బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కితే ఒక ఆటలో మేజోళ్లతోనే దిగాడని, అందుకే ‘షూలెస్ జో’ అనే పేరు వచ్చిందని చెబుతారు. అతని జీవితకాల బ్యాటింగ్ సగటు .356. అంటే ప్రతి వెయ్యి ప్రయత్నాలకు 356 హిట్లు, బేస్‌బాల్‌లో ఇది మహా అరుదు. ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నాడంటున్న ఆ సిరీస్‌లోనే అతని సగటు .375, హిట్లు 12, ఫీల్డింగ్‌లో తప్పు ఒక్కటీ లేదు. అభిమానుల వాదమంతా ఈ అంకెల మీదే నిలబడింది. కానీ అదే జాక్సన్ తనకు 5,000 డాలర్లు ముట్టాయని గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడు. బాగా ఆడాడనుకున్నా, తీసుకున్న డబ్బు తీసుకున్నట్టే. ఓడిపోతానని సొమ్ము తీసుకుని గెలవడానికి ఆడాడనుకుంటే అతను మోసగించింది జట్టును కాదు, జూదగాళ్లను. అప్పుడు కూడా జట్టు సభ్యులకు ఈ సంగతి చెప్పకపోవడం మిగిలే ఉంటుంది.

రెండోవాడు బక్ వీవర్. అతను డబ్బు ముట్టలేదు. సిరీస్‌లో .324 సగటుతో ఆడాడు. మంతనాల్లో కూర్చున్నాడు, జరగబోయేది తెలుసు, తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నేరం అంతే. 1956లో చనిపోయేవరకు తన పేరు మీది మచ్చ తీసేయమని మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్యాయంగా తోచేది ఇదొక్కటే. డబ్బు తీసుకున్నవాడికీ నోరు మూసుకున్నవాడికీ ఒకే కొలత వాడారు.

ఒక ముచ్చట. 1989లో వచ్చిన ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ సినిమా జాక్సన్‌ను మొక్కజొన్న చేలోంచి నడిచివచ్చే మంచి దయ్యంగా చూపి కోట్లమందికి ప్రియుణ్ణి చేసింది. నిజ జీవితంలో అతను ఎడమచేతి వాటం బ్యాటర్, సినిమాలో కుడిచేతి వాటంతో ఆడతాడు. జాలి పుట్టినప్పుడు మనం వివరాలు ఎంత తేలిగ్గా వదిలేస్తామో గమనించండి.

ధర దేనికి?

ఇప్పుడు సేకర్తల దగ్గరికి వద్దాం. 2021లో జాక్సన్ సంతకం ఉన్న ఒక పాత ఛాయాచిత్రం వేలంలో 14 లక్షల డాలర్లు దాటింది. ‘చూశారా, ప్రజలు అతన్ని క్షమించారు’ అని ఎవరైనా అంటే మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఆ సంతకానికి అంత ధర ఎందుకు?

జాక్సన్‌కు చదువు రాదు. తన పేరు కూడా కష్టపడి, అక్షరాల బొమ్మ గీసినట్టు గీసేవాడు. అభిమానులకు వెళ్లిన సంతకాల్లో చాలావరకు అతని భార్య కేటీ చేసినవే. అందుకని అతని సొంత చేతి సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే మిగిలాయి. వేలంలో పలికిన ధరలో అతని నేరానికి, ప్రతిభకు ఎంత వాటా ఉందో తెలియదు గానీ, నిరక్షరాస్యతకు మాత్రం పెద్ద వాటానే ఉంది. మిల్లులో పెరిగి బడి మొహం చూడని ఒక పిల్లవాడి లేమి వందేళ్ల తర్వాత కొందరికి లక్షల ఆస్తి అయింది. ఇది తలచుకుంటే నాకు ఆ ధర చూసి సంతోషం కలగదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ పీట్ రోజ్. అతను దశాబ్దాల పాటు లాస్ వేగాస్‌లో, ఊరూరి కార్డు ప్రదర్శనల్లో బల్ల ముందు కూర్చుని అడిగినవారందరికీ డబ్బు తీసుకుని సంతకాలు చేశాడు. ‘బేస్‌బాల్ మీద పందెం కాసినందుకు క్షమించండి’ అనే అర్థం వచ్చే మాట రాసి మరీ బంతులు అమ్మాడు. పశ్చాత్తాపానికి కూడా రేటు కట్టిన మనిషి! సంతకాలు ఎంత ఎక్కువైతే ధర అంత తక్కువ. రోజ్‌ను ఇష్టపడేవారు జాక్సన్‌ను ఇష్టపడేవారికన్నా తక్కువేం కాదు, అయినా అతని మామూలు సంతకం సామాన్యుడికి అందుబాటులోనే ఉంటుంది. అదే రోజ్ తొలి కార్డు, 1963లో టాప్స్ కంపెనీ మరో ముగ్గురు కుర్రాళ్ల తలలతో కలిపి అచ్చువేసినది, మచ్చలేని స్థితిలో దొరికితే ధర వేరు. 2016లో అలాంటి ఒక కార్డు ఏడు లక్షల డాలర్లు దాటింది. మనిషి ఒక్కడే, మచ్చ ఒక్కటే. తేడా కాగితంలో ఉంది.

ఇక స్టెరాయిడ్ల కాలానికి వస్తే సేకర్తలు కూడా తీర్పు చెప్పినట్టు కనిపిస్తుంది. 1998లో మార్క్ మెగ్వైర్ ఒకే సీజన్‌లో 70 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ డెబ్బయ్యో బంతిని టాడ్ మెక్‌ఫార్లేన్ అనే కామిక్స్ రచయిత సుమారు 30 లక్షల డాలర్లకు కొన్నాడు. 2001లో బాండ్స్ 73 కొట్టి ఆ రికార్డు తుడిచేశాడు. ఆ బంతిని కూడా అదే మెక్‌ఫార్లేన్ కొన్నాడు, ఈసారి సుమారు ఐదు లక్షలకే. 2010లో తాను స్టెరాయిడ్లు వాడినట్టు మెగ్వైర్ ఒప్పుకున్నాడు. అతని కార్డుల మోజు అప్పటికే చల్లారిపోయింది.

జూదగాళ్ల వస్తువులు నిలబడితే మందులు వాడినవారి వస్తువులు ఎందుకు పడిపోయాయి? ఒక కారణం నైతికమైనది కాదు. 1990ల నాటికి కార్డుల కంపెనీలు లెక్కకు మించి అచ్చువేశాయి, ఎక్కువైన సరుకు చవకవుతుంది. రెండోది ఆలోచించదగినది. రోజ్ పందెం కాశాడు గానీ అతని 4,256 హిట్లు అతను కొట్టినవేనని ఎవరూ కాదనరు. మెగ్వైర్ విషయంలో ఆ అంకెనే శంకించాలి. సేకర్త కొనేది అంకెను మోసే వస్తువు. అంకె బోలు అయితే వస్తువూ బోలే.

కనుక ధరను ఓటుగా చదవకండి. కొనడం వేరు, దండ వేయడం వేరు. సేకర్త పక్షాన ఒక మంచి మాట కూడా చెప్పాలి. వేలం జాబితాలో వస్తువు పూర్వాపరాలు దాచితే కుదరదు. ఎవరిది, ఎలా వచ్చింది, ఎందుకు అరుదు అన్నీ రాయాలి. జాక్సన్ వస్తువును వెలి సంగతి చెప్పకుండా అమ్మేవారు ఉండరు. ఆ నిజాయితీ గౌరవం ఇచ్చే గోడకు ఉందా?

రోజ్ కేసు

పీట్ రోజ్ 1985 సెప్టెంబరు 11న టై కాబ్ హిట్ల రికార్డును దాటాడు. అప్పటికి సిన్సినాటి రెడ్స్‌కు మేనేజర్ కూడా అతనే. 1989లో న్యాయవాది జాన్ డౌడ్ విచారణ జరిపి, 1987 సీజన్‌లో రోజ్ తన సొంత జట్టు ఆడిన 52 ఆటలపై పందెం కాశాడని నివేదిక ఇచ్చాడు. ఆగస్టు 24న కమిషనర్ బార్ట్ జియామట్టి ప్రకటించిన శాశ్వత నిషేధానికి రోజ్ సంతకం పెట్టి ఒప్పుకున్నాడు. ఎనిమిది రోజులకే జియామట్టి గుండెపోటుతో మరణించాడు. మరుసటి ఏడు రోజ్ పన్ను ఎగవేతకు ఐదు నెలలు జైలుకు వెళ్లాడు. దాచిన ఆదాయంలో సంతకాలు, జ్ఞాపికలు అమ్మగా వచ్చినది కూడా ఉంది.

‘గెలుస్తామనే కదా పందెం కాశాడు, తప్పేముంది?’ అనేది అభిమానుల ప్రధాన వాదం. ఇది పైకి చక్కగా ఉంది, లోపల పుచ్చిపోయింది. సొంత జట్టుపై కొన్ని రోజులు కాసి, కొన్ని రోజులు కాయని మేనేజర్ ఆ కాయని రోజున బుకీకి ఒక కబురు పంపినట్టే. డబ్బు పెట్టిన రోజున అలసిన పిచ్చర్‌ను కూడా దించాలనిపిస్తుంది, మర్నాటి ఆట ఏమైనా ఫరవాలేదనిపిస్తుంది. అప్పు పడితే బుకీ చెప్పినట్టు వినాల్సి వస్తుంది. ఆట దుస్తులు మార్చుకునే ప్రతి గదిలోనూ ఈ నియమం రాసిపెట్టి ఉంటుంది. రోజ్ దాన్ని పాతికేళ్లు చూశాడు.

పందెం కన్నా నన్ను బాధించేది ఆ తర్వాతి పదిహేనేళ్లు. 2004లో ఆత్మకథ అమ్మకానికి వచ్చేదాకా ‘నేను కాయలేదు’ అనే చెప్పాడు. అతన్ని నమ్మి వాదించినవారిని, డౌడ్‌ను అబద్ధాలకోరన్నవారిని, అందరినీ నడిరోడ్డున వదిలేశాడు.

అయితే హాల్ ఆఫ్ ఫేమ్ చేతులు శుభ్రంగా ఉన్నాయా? 1991 ఫిబ్రవరిలో, నిషేధ జాబితాలో ఉన్నవారి పేర్లు ఓటుకే రాకూడదని పాలకమండలి నియమం చేసింది. అందరికీ అర్థమైంది అది రోజ్ కోసమని. దానికి కొన్ని వారాల ముందే గేలార్డ్ పెర్రీ అనే పిచ్చర్ ఎంపికయ్యాడు. బంతికి ఉమ్మి, జిడ్డు పూసి విసిరానని అతను ఆటలో ఉండగానే పుస్తకం రాశాడు! ఎనిమిదిమందిని వెలివేసిన లాండిస్ కూడా ఆ గోడ మీద ఉన్నాడు. అతని పాలన ఇరవై ఏళ్లకు పైగా సాగినా పెద్ద లీగుల్లోకి ఒక్క నల్లజాతి ఆటగాడూ రాలేదు. అతను చనిపోయాక 1947లో గాని జాకీ రాబిన్సన్ అడుగుపెట్టలేదు. స్టెరాయిడ్ల కాలంలో కమిషనర్‌గా ఉన్న బడ్ సెలిగ్‌కు ఫలకం ఉంది, బాండ్స్‌కు లేదు. పత్రికా రచయితల ఓటింగ్‌లో 75 శాతం కావాలి. 2022లో, తన పదో ఏట, చివరి అవకాశంలో బాండ్స్‌కు వచ్చింది 66.

ఈ జాబితా చదివి ‘అయితే అందరినీ రానివ్వండి’ అనే నిర్ణయానికి తొందరపడకండి. పక్కింటివాడి దొంగతనం నా దొంగతనానికి సాక్ష్యం కాదు, సమాధానమూ కాదు. ఈ జాబితా రుజువు చేసేది ఒక్కటే: గోడ మీద ఉన్నవారు సచ్చీలురని ఫలకం హామీ ఇవ్వలేదు, ఇచ్చినట్టు నటిస్తోంది. ఎంపిక నియమాల్లో నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం అనే మాటలు రాసుకుని, వాటిని ఇష్టం వచ్చినప్పుడు తీసి, లేనప్పుడు పెట్టెలో పెట్టారు.

2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడా పందేలను అనుమతించే వీలు కలిగింది. ఆ ఏడాదే మేజర్ లీగ్ బేస్‌బాల్ ఒక క్యాసినో కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఇది చూపి రోజ్‌ను వెనకేసుకొచ్చేవారున్నారు. నాకు తలకిందులుగా తోస్తుంది. ప్రేక్షకులందరి చేతిలో పందెం పెట్టే ఫోన్ ఉన్నప్పుడు, మైదానంలో ఉన్నవాడి చేతిలో అది ఉండకూడదనే నియమం ఇంకా అవసరమవుతుంది. 2024లో టుకుపీటా మార్కానో అనే ఆటగాడికి ఈ కారణంగానే జీవితకాల నిషేధం పడింది.

చావుతో ముగిసిన శిక్ష

రోజ్ 2024 సెప్టెంబరు 30న, 83 ఏళ్ల వయసులో మరణించాడు. 2025 మే 13న కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, శాశ్వత నిషేధం మరణంతో ముగుస్తుందని నిర్ణయించాడు. బతికి లేనివాడు ఆటకు ముప్పు కాలేడన్నది అతని తర్కం. రోజ్, జాక్సన్, వీవర్ సహా 17 మంది పేర్లు జాబితా నుంచి తొలగాయి. పాతకాలపు ఆటగాళ్లను పరిశీలించే పదహారుమంది సభ్యుల కమిటీ 2027 డిసెంబరులో కూర్చుంటుంది. పన్నెండు ఓట్లు వస్తే ఫలకం.

తర్కం పొందికగానే ఉంది, న్యాయం మాత్రం కనిపించదు. ఈ లెక్కన నిషేధం నేరానికి తీర్పు కాదు, కాపలా మాత్రమే. కాపలాకే అయితే మైదానానికి దూరంగా ఉంచితే చాలు. ఫలకం గోడ మీద ఉన్నంత మాత్రాన రోజ్ ఎవరి ఆటను చెడగొట్టగలడు? తీర్పే అయితే చావు దాన్ని ఎలా మారుస్తుంది? బక్ వీవర్ ముప్పై నాలుగేళ్లు అడిగింది ఫలకం కాదు, తన పేరు. ఇచ్చింది పోయిన 69 ఏళ్లకు.

నా మాట అడిగితే, జాక్సన్, రోజ్, బాండ్స్ ముగ్గురికీ ఫలకం ఇవ్వవచ్చు, వారి ఆట అంతటిది. షరతు ఒక్కటి. చేసిన తప్పు కూడా అదే కంచులో, అదే సైజు అక్షరాల్లో పోతపోయాలి. అలా రాయడానికి సంస్థ సిద్ధపడకపోతే గోడ ఖాళీగా ఉండటమే మేలు. ‘సన్మాన పత్రంలో తప్పులు రాస్తారా?’ అని మీరు నవ్వవచ్చు. ఫలకం రాత మారరానిదేమీ కాదు. జాకీ రాబిన్సన్ మొదటి ఫలకంపై, అతని కోరిక మేరకే, ఆట అంకెలే ఉండేవి. 2008లో దాన్ని తీసి, వర్ణ వివక్ష అడ్డుగోడను దాటిన సంగతి చేర్చి కొత్త ఫలకం పెట్టారు. నక్షత్రం గుర్తు బంతి అదే మ్యూజియానికి చేరింది కూడా ఆ ఏడాదే. జోడించడం చేతనైన సంస్థే అది.

అభ్యాసం: ఈ కింది పనిని మీ నోటు పుస్తకంలో చేసి చూడండి. రోజ్ ఫలకానికి ఐదు పంక్తులకు మించకుండా ఒక రాత రాయండి. పొగడ్త పదాలు, తిట్టు పదాలు రెండూ వాడవద్దు. నేను ప్రయత్నించినది ఇది, దీన్ని దిద్దవచ్చు:

పీట్ రోజ్. హిట్లు 4,256, ఆట చరిత్రలో అందరికన్నా ఎక్కువ. ప్రతి బంతికీ పరుగెత్తాడు. మేనేజర్‌గా ఉండగా సొంత జట్టు ఆటలపై పందెం కాశాడు. 1989లో నిషేధానికి గురయ్యాడు. 2004 వరకు ఒప్పుకోలేదు.